ఒకే మైదానం చాలదు

1829లో నెలకొన్న రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బు బ్రిటిష్ దీవుల వెలుపల వెలసినవాటిలో అత్యంత పురాతనమైనది. బల్లపరుపు నేల, నడుమ చెరువులు. అక్కడి పచ్చికను సంరక్షించే ఉద్యోగి కుమారుడు ఎస్.ఎస్.పి. చౌరాసియా చూచి నేర్చిన ఆటతోనే 1997లో వృత్తి క్రీడాకారుడయ్యాడు. క్లబ్బులు సభ్యులవి, అటువంటి యువకునికి పరాయి మైదానాల ద్వారాలు తెరచినవి పోటీలే.

ఢిల్లీ క్లబ్బు లోడీ మైదానం తీరు వేరు. ప్రాచీన సమాధుల మధ్య సాగే ఇరుకు బాటలు, ఇరువైపులా దట్టమైన పొదలు. అక్కడ బంతి దూరం పోవడం కంటె తిన్నగా పోవడం ముఖ్యం. సుదీర్ఘమైన దెబ్బ అతని బలం కాదు గనుక, ఆ నేల అతనికి అనుకూలించింది. 2008లో ఇండియన్ మాస్టర్స్, 2016లో ఇండియన్ ఓపెన్ అక్కడే గెలిచాడు.

2017లో ఓపెన్ గురుగ్రామ్‌లోని డి.ఎల్.ఎఫ్. మైదానానికి తరలింది. గేరీ ప్లేయర్ రూపొందించిన ఆ నేల నిండా మిట్టపల్లాలు, లోతైన ఇసుక గుంతలు. పొదల నడుమ అక్కరకు వచ్చిన జాగ్రత్త ఒక్కటే ఇక్కడ చాలదు. గ్రీన్ చెంత చిన్న దెబ్బల నేర్పు కావాలి. అది అతనికి పుష్కలం. ఏడు స్ట్రోకుల తేడాతో బిరుదు నిలబెట్టుకొన్నాడు.

విచిత్రమేమంటే, 1999లో ఇదే ఓపెన్ తాను పెరిగిన కలకత్తా మైదానంలోనే జరిగినప్పుడు అతనికి దక్కినది రెండవ స్థానం.