రహదారి: సుంకమూ రక్షణా – రోడ్ల విధానంపై ఒక చారిత్రక పరిశీలన (1927–2000)

తెలుగులో ‘రహదారి’ అంటే నేడు పెద్ద బాట. పారసీకంలో ‘రాహ్’ దారి; ‘రాహ్‌దార్’ దారి కాపరి. అతడు బాటసారులకు రక్షణ కల్పించేవాడు, అందుకు సుంకం తీసుకొనేవాడు. మొగలుల కాలంలో ‘రాహ్‌దారీ’ అంటే ఆ సుంకమే. చెల్లింపు, భద్రత అనే రెండు భావాలు ఈ పదంలో కలిసే ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దపు రోడ్ల విధానంలో అవి ఎలా విడిపోయాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1919 సంస్కరణలు రోడ్లను రాష్ట్రాలకు అప్పగించాయి. 1927లో ఎం.ఆర్. జయకర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం, ఈ భారం రాష్ట్రాల, స్థానిక సంస్థల ఆర్థిక శక్తికి మించినదని నిర్ణయించింది. 1929లో గ్యాలను పెట్రోలుపై సుంకం నాలుగు అణాల నుంచి ఆరు అణాలకు పెరిగింది; అదనపు రెండణాలతో రోడ్డు నిధి ఏర్పడింది. వాడుకొనేవాడే చెల్లించాలన్న సూత్రం ఇలా స్థిరపడింది.

అయితే చెల్లించిన సొమ్ము ఎవరి చేతికి చేరాలి? తీరాంధ్ర, రాయలసీమలు భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రంలో 1931 చట్టం టోలుసుంకాలను తొలగించి మోటారు వాహనాల పన్నును ప్రవేశపెట్టింది. గేటు వద్ద నేరుగా వసూలు చేసుకొన్న స్థానిక సంస్థలు ఇక ప్రభుత్వమిచ్చే పరిహారంపై ఆధారపడ్డాయి. బాటను బాగుచేసేవారు, పన్ను వసూలు చేసేవారు వేరయ్యారు.

భద్రత చర్చలోకి రైలు ప్రవేశించింది. మోటారు పోటీవల్ల రైల్వేల రాబడి తగ్గుతోందన్న ఆందోళనతో 1933లో సిమ్లాలో రోడ్డు–రైలు సమావేశం జరిగింది. 1939 మోటారు వాహనాల చట్టం వేగాన్నీ, డ్రైవర్ల పనిగంటలనూ నియంత్రించింది. మూడవ పక్షపు బీమాను తప్పనిసరి చేసింది. ఇవి నిజమైన రక్షణలే. కాని అదే చట్టంలోని పర్మిట్ల పద్ధతి రైలుతో పోటీని అదుపుచేసే సాధనం కూడా. హైదరాబాదు సంస్థానంలో ఈ వివాదం అంతగా పొడసూపే అవకాశం లేదు. 1932లో అక్కడ 27 బస్సులతో రవాణా ప్రారంభించినది రైల్వే యంత్రాంగమే.

1943 నాగపూర్ ప్రణాళిక రోడ్లను జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ రోడ్లుగా విభజించింది. సేద్యం వృద్ధిచెందిన ప్రాంతంలో ఏ గ్రామమూ ప్రధాన మార్గానికి ఐదు మైళ్లకు మించి దూరంలో ఉండరాదన్నది దాని ఆశయం. దూరాన్ని కొలిచిన ఈ ప్రమాణం ప్రమాదాన్ని కొలవలేదు.

2000 నాటి కేంద్ర రోడ్డు నిధి చట్టం డీజిలు సుంకంలో సగాన్ని గ్రామీణ రోడ్లకు కేటాయించి, పాత అన్యాయాన్ని కొంత సరిదిద్దింది. మిగిలిన సగానికి పెట్రోలు సుంకాన్ని కలిపి, 57.5 శాతం జాతీయ రహదారులకు, 30 శాతం రాష్ట్ర రోడ్లకు, 12.5 శాతం రైలుమార్గాలపై వంతెనలకు, కాపలా లేని గేట్ల వద్ద భద్రతా పనులకు ఇచ్చింది. అంటే భద్రతకు ప్రత్యేక వాటా దక్కినది బాట రైలుపట్టాను దాటేచోట మాత్రమే. పాదచారికి, బండివానికి విడిగా వాటా లేదు. సుంకం తీసుకొన్నవాడే రక్షణకు బాధ్యుడన్న ‘రాహ్‌దార్’ ధర్మాన్ని పదం మోసుకొచ్చింది. విధానం మాత్రం సుంకాన్నే నిలుపుకొంది.