పాఠశాలలోనికి వచ్చిన చిన్నపలక

అఱచేత నిముడు కంప్యూటరు పాఠశాలలోనికి వచ్చిన చరిత్రమును నేఁడు మీకు విన్నవించెదను.

ఇంగ్లండులో బీబీసీ సంస్థవారు ప్రజలకుఁ గంప్యూటరు విద్య నేర్పఁదలఁచి, కేంబ్రిడ్జి పట్టణమందలి ఏకార్న్ సంస్థచే నొక యంత్రమును జేయించిరి. 1981 డిసెంబరులో నది వెలువడెను. మఱుసటి నెలలోనే టెలివిజనులో దానికి సంబంధించిన పాఠము లారంభమయ్యెను. మీట నొక్కఁగనే తెర దాదాపు ఖాళీగా నిలిచెడిది. పిల్లవాఁడు తానై యాజ్ఞ వ్రాసినఁగాని యది కదలదు. వ్రాయక తప్పదు గనుక పిల్లలు వ్రాయ నేర్చిరి. అట్టివి పదునైదు లక్షలకుఁ బైగా నమ్ముడుపోయినవి. 1984లో భారత ప్రభుత్వ మారంభించిన ‘క్లాస్’ పథకము క్రింద మన దేశపు పాఠశాలలు కొన్నిటికిని ఈ యంత్రములే వచ్చినవి.

తరువాతి కంప్యూటరులు బలవంతములే, కాని మూసిన పెట్టెలు. 2006 ప్రాంతమునఁ గేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునఁ గంప్యూటరు శాస్త్రము చదువఁ గోరువారు తగ్గుటయు, వచ్చినవారికిఁ బ్రోగ్రాములు వ్రాసిన యలవాటు లేకుండుటయుఁ జూచి, ఎబెన్ అప్టన్ అను నాయనయుఁ దోడివారును జింతించిరి. వారు స్థాపించిన ధర్మసంస్థ పక్షమున 2012 ఫిబ్రవరి 29వ తేదీన ‘రాస్ప్‌బెర్రీ పై’ వెలువడెను. వెల 35 డాలర్లు. తపాలాకార్డుకంటెఁ జిన్నదైన యొక్క పలక; పెట్టె లేదు, తెర లేదు, మీటల పలకయు లేదు. దాని చిప్పు, ఏకార్న్‌వారే 1985లో నిర్మించిన ఆర్మ్ చిప్పు వంశములోనిది. తాత పోలిక మనుమనికి వచ్చినదన్నమాట!

మన యూళ్ళలోఁ గంప్యూటరు గదికిఁ దాళము వేసియుంచిన బడులను నేనెఱుఁగుదును. ఉపాధ్యాయుని నిందింపరాదు. ఖరీదైన వస్తువు చెడినచో సమాధానము చెప్పవలసినవాఁ డతఁడే గదా! ఈ పలకయం దా జంకు చాలవఱకుఁ దీఱినది. దీనిని నడపు ప్రోగ్రాములన్నియుఁ దపాలాబిళ్ళంత కార్డుపై నుండును. బాలుఁడు వానిని పాడుచేసినను, కార్డును దిరిగి వ్రాసికొన్నచో యంత్రము యథాప్రకారము నడచును. అంచున నున్న సూదులవంటి కమ్ములకుఁ దీగెలు తగిలించి చిన్న దీపమును వెలిగింపవచ్చును, గది వేఁడిమిని గొలువవచ్చును. తాను వ్రాసిన యక్షరములచే దీపము వెలిఁగినప్పటి బాలుని సంతోషము నే పాఠ్యపుస్తక మీయఁగలదు?

అయితే 35 డాలర్లతో సర్వమును సమకూడునని నమ్మఁబోకుఁడు. తెర కావలెను, విద్యుత్తు కావలెను. అన్నిటికంటె, తెలిసిన యుపాధ్యాయుఁడు కావలెను. 2015 నవంబరులో 5 డాలర్ల పలక వచ్చినప్పుడు దాని నొక పత్రికతోఁ గలిపి యుచితముగాఁ బంచిరి. కాని యుపాధ్యాయు నే పత్రికయుఁ బంచిపెట్టఁజాలదు.

చవుకయుఁ గలకాలము నిలువలేదు. లోకమంతటఁ జిప్పులకుఁ గఱవు రాఁగా 2021 అక్టోబరులో నొక రకమునకు వెల పెంచిరి. మఱుసటి యేఁట, దొరకిన పలకలలోఁ బెక్కింటిని ఈ పలకలపైఁ దమ వస్తువులను గట్టుకొన్న వ్యాపారులకే ముందుగా నిచ్చిరి. వారి జీవనము దానిపై నుండుటచే నట్లు చేసితిమని సంస్థవారు చెప్పిరి. ఆ కారణము సరియైనదే. పిల్లల కొఱకుఁ బుట్టిన వస్తువునకై పిల్లలు వరుసలో వెనుక నిలువవలసివచ్చుట మాత్రము నాకు నచ్చలేదు. 2023లో సరఫరా మరలఁ జక్కఁబడెను.

మీ యూరి బడికి వీనిని దెప్పింపఁ దలఁచినచో, పలక కొక్కటి చొప్పున కార్డు లధికముగాఁ గొనుఁడు.