జాతీయ దినోత్సవ కవాతులలో మిత్రదేశాల సేనలు: రాజ్‌పథ్, విశాఖ తీరం, పులికాట్ జలాలు

(పాత్రికేయుల, అధికారుల పరిశీలనార్థం సమాచార వ్యాసం)

భారత గణతంత్ర దినోత్సవ కవాతులో విదేశీ సైనిక దళమొకటి తొలిసారిగా పాల్గొన్నది 2016 జనవరి 26న. నాటి ముఖ్య అతిథి ఫ్రాన్స్ అధ్యక్షులు శ్రీ ఫ్రాన్స్వా హొలాండ్. ఆ దేశపు 35వ పదాతి రెజిమెంటుకు చెందిన సైనికులు, బ్యాండు వాద్యకారులు కలిసి 76 మంది న్యూఢిల్లీలోని రాజ్‌పథ్‌పై నడచి రాష్ట్రపతికి గౌరవ వందనం సమర్పించినారు. సరిగా పన్నెండు రోజుల తరువాత, ఫిబ్రవరి 7న, విశాఖపట్నం రామకృష్ణా బీచ్ రహదారిపై పలు దేశాల నావికులు తమ తమ పతాకాలతో కవాతు చేసినారు. మొదటిది జాతీయ దినోత్సవము, రెండవది నౌకాదళ సమీక్షలో భాగము. ఈ రెండింటి స్వభావము వేరు. అయినను పత్రికలలో రెండింటినీ ఒకే రీతిగా వర్ణించుట పరిపాటి అయినందున కొన్ని వివరములు ఇక్కడ పొందుపరచడమైనది.

మొదట ఒక స్పష్టత అవసరము. ముఖ్య అతిథిగా విదేశాధినేత విచ్చేయుట వేరు, ఆ దేశపు సైనిక దళం కవాతులో నడచుట వేరు. 1950లో జరిగిన మొదటి గణతంత్ర దినోత్సవానికే ఇండోనేషియా అధ్యక్షులు శ్రీ సుకర్ణో అతిథిగా వచ్చినారు. ఆ దేశపు సైనికులు మన రాజధాని వీథిలో నడచినది మాత్రము 75 సంవత్సరముల తరువాత, 2025లో. అమెరికా అధ్యక్షులు శ్రీ బరాక్ ఒబామా 2015లో వచ్చినప్పుడు అమెరికన్ దళమేదీ కవాతులో లేదు. ఇందుకు భిన్నమైన ఉదాహరణ 2021. కోవిడ్ కారణంగా బ్రిటన్ ప్రధాని పర్యటన రద్దయి ఆ సంవత్సరం ముఖ్య అతిథి లేకనే వేడుక జరిగినది. అయినను బంగ్లాదేశ్ త్రివిధ దళాల బృందం కవాతు చేసినది. కనుక అతిథి దేశమనగానే ఆ దేశపు సైన్యం కూడ వచ్చునని ముందుగా వ్రాయుట సరి కాదు.

'మిత్రదేశ సేన' అను మాటను కూడ జాగ్రత్తగా వాడవలసియున్నది. యుద్ధం వచ్చినచో ఒకరి పక్షాన మరొకరు పోరాడవలెనను ఒప్పందం ఈ దేశాలతో భారతదేశానికి లేదు. ఇక్కడ మిత్రత్వమనగా వ్యూహాత్మక భాగస్వామ్యము, ఉమ్మడి శిక్షణ, రక్షణ సామగ్రి కొనుగోళ్లు, కొన్ని సందర్భాలలో చరిత్ర. ఫ్రాన్స్‌తో వ్యూహాత్మక భాగస్వామ్యము 1998లో ఏర్పడినది. 2016లో రాజ్‌పథ్‌పై నడచిన రెజిమెంటు వారే ఆ నెలలో రాజస్థాన్‌లోని మహాజన్ ఫైరింగ్ క్షేత్రంలో 'శక్తి' ఉమ్మడి విన్యాసాలలో మన సైనికులతో కలిసి శిక్షణ పొందినారు. కవాతు కంటె ముందు జరిగిన ఆ శిక్షణయే అసలు విషయమని చెప్పవచ్చును. రహదారిపై కనిపించు కొద్ది నిమిషముల నడక దానికి బహిరంగ రూపము.

తదుపరి సంవత్సరములలో వచ్చిన దళముల వివరములు ఇవి. 2017లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ నుంచి 149 మంది వచ్చినారు, వారిలో 35 మంది వాద్యకారులు. 2021లో బంగ్లాదేశ్ నుంచి 122 మంది. 2023లో ఈజిప్టు నుంచి 144 మంది నడచినారు; రాజ్‌పథ్ అప్పటికి కర్తవ్యపథ్‌గా మారియున్నది. 2024లో ఫ్రాన్స్ రెండవసారి పాల్గొన్నది. 95 మంది కవాతు దళం, 33 మంది బ్యాండు బృందంతో పాటు రెండు రఫేల్ యుద్ధ విమానాలు, ఒక ఎయిర్‌బస్ ఇంధన రవాణా విమానం కూడ గగనతలంలో కనిపించినవి. 2025లో ఇండోనేషియా నుంచి 152 మంది కవాతు దళం, 190 మంది బ్యాండు బృందం వచ్చినవి. పైన పేర్కొన్న వాటిలో ఇదియే పెద్ద బృందము.

మన సేనలు కూడ ఇతర దేశాల వేడుకలలో నడచినవి. 2009 జూలై 14న పారిస్‌లో జరిగిన ఫ్రెంచి జాతీయ దినోత్సవంలో మన త్రివిధ దళాలకు చెందిన సుమారు 400 మంది పాల్గొన్నారు. అప్పటి ప్రధాని డాక్టర్ మన్మోహన్ సింగ్ ముఖ్య అతిథి. 2023లో అదే వీథిలో 269 మంది నడచినారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1916 జూలై 14న, ఇదే నగరంలో భారతీయ సైనికులు కవాతు చేసినారు. కాని నాడు వారు నడచినది పరాయి పాలకుల సైన్యంలో భాగంగా. ఈ భేదమును విస్మరించి కేవలం సంఖ్యలను పోల్చుట ఉచితము కాదు. మాస్కోలో 2020 జూన్ 24న జరిగిన విజయోత్సవ కవాతుకు 75 మంది వెళ్లినారు.

బంగ్లాదేశ్ దళం – తిరుపతి జ్ఞాపకము

పై వాటిలో 2021 నాటి బంగ్లాదేశ్ దళం దక్షిణ రాయలసీమకు ప్రత్యేకముగా సంబంధించినది. 1971 యుద్ధానికి 50వ సంవత్సరమైనందున ఆ దళమును ఆహ్వానించడమైనది. తూర్పు బెంగాల్ రెజిమెంట్లు 1971 విమోచన పోరాటంలో పాల్గొన్నవి. వాటి వారసులైన సైనికులు ఢిల్లీలో నడచిన మూడు వారములకు, 2021 ఫిబ్రవరి 18న, స్వర్ణిమ విజయ సంవత్సర వేడుకలు తిరుపతిలో జరిగినవి. అప్పటి ముఖ్యమంత్రి శ్రీ వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి స్వయముగా తిరుపతిలోని మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ నివాసానికి వెళ్లి వారిని సన్మానించినారు. 1971లో లెఫ్టినెంట్ కల్నల్ హోదాలో గూర్ఖా రైఫిల్స్ బెటాలియన్‌కు నాయకత్వము వహించి, తూర్పు రంగంలో దర్శన ప్రాంతపు పటిష్ఠమైన శత్రు స్థావరములను స్వాధీనపరచుకొన్నందుకు వారికి మహావీర చక్ర లభించినది. చిత్తూరు అను ఊరి పేరే ఇంటి పేరుగా గల ఆ సేనాని పోరాడినది నేటి బంగ్లాదేశ్ నేలపై. ఢిల్లీ కవాతును గురించి జిల్లా పత్రికలు వ్రాసిన వార్తలలో ఈ సంబంధమునకు మరికొంత చోటు దక్కియుండవలసినది.

విశాఖపట్నం

ఆంధ్రప్రదేశ్ గడ్డపై విదేశీ సైనికుల కవాతు అనగా విశాఖపట్నమే. జిల్లా కేంద్రాలలో జరిగే గణతంత్ర, స్వాతంత్ర్య దినోత్సవ కవాతులలో సాయుధ రిజర్వు పోలీసులు, హోంగార్డులు, ఎన్.సి.సి. విద్యార్థులు నడచుటయే ఆనవాయితీ.

నౌకాదళానికి సంబంధించినంతవరకు గణతంత్ర కవాతుతో పోల్చదగినది రాష్ట్రపతి నౌకాదళ సమీక్ష. సర్వసైన్యాధ్యక్షుల హోదాలో రాష్ట్రపతి తన సేవాకాలంలో ఒకమారు నౌకాదళమును సమీక్షించుట సంప్రదాయము. నౌకలు వరుసలుగా లంగరు వేసి నిలిచియుండగా రాష్ట్రపతి నౌక వాటి నడుమ సాగిపోవును. ప్రతి నౌకపై సిబ్బంది అంచుల వెంట బారులు తీరి, టోపీలు చేత పట్టి ముమ్మారు జయధ్వానము చేయుదురు. కవాతులో సైనికులు కదలుదురు, సమీక్షకులు నిలిచియుందురు. ఇక్కడ అందుకు విపర్యయము.

చాలాకాలము ఈ సమీక్షలు ముంబయిలోనే జరిగినవి. తూర్పు తీరానికి తొలిసారిగా వచ్చినది 2006 ఫిబ్రవరి 12న, డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం రాష్ట్రపతిగా ఉన్నప్పుడు. మరునాడు వారు సింధురక్షక్ జలాంతర్గామిలో సముద్ర గర్భంలోకి వెళ్లినారు. భారత రాష్ట్రపతి ఒకరు జలాంతర్గామిలో ప్రయాణించుట అదియే ప్రథమము.

విదేశీ నౌకలను కూడ ఆహ్వానించినచో అది అంతర్జాతీయ సమీక్ష అగును. మన దేశంలో మొదటిది 2001లో ముంబయిలోను, రెండవది 2016 ఫిబ్రవరి 4 నుంచి 8 వరకు విశాఖలోను జరిగినవి. సుమారు 50 దేశాల ప్రతినిధులు, 24 విదేశీ యుద్ధనౌకలు పాల్గొన్నవి. 6వ తేదీన రాష్ట్రపతి శ్రీ ప్రణబ్ ముఖర్జీ సుమిత్ర నౌక నుంచి సమీక్ష జరిపినారు. అమెరికా, చైనా నౌకలు అవే జలాలలో ఒకే సమయమున లంగరు వేసియున్నవి. మిత్రదేశాలను మాత్రమే పిలిచినారని అనుటకు ఇక్కడ వీలు లేదు. సముద్ర సమీక్షకు ఆహ్వానము మరింత విశాలమైనది.

నగరానికి ఆ ఏర్పాట్ల భారము సామాన్యమైనది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ పెనుతుపాను విశాఖను తాకి విమానాశ్రయమును, నౌకాదళ స్థావరమును, బీచ్ రహదారిని దెబ్బతీసినది. పదహారు నెలలు గడవకముందే యాభై దేశాల అతిథులకు అదే రహదారిపై స్వాగతము పలుకవలసి వచ్చినది. 7వ తేదీ సాయంత్రము ప్రధాని శ్రీ నరేంద్ర మోదీ సమక్షంలో జరిగిన నగర కవాతు సాగరతీరమునే సాగినది. ఆ తీరముననే 'విక్టరీ ఎట్ సీ' స్మారకము, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామి కలవు. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిరాత్రి పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగినది ఈ నగరపు రేవు వెలుపలనే. మునుగుటకు కారణముపై ఇరుదేశాల కథనాలు నేటికీ వేరు.

1995లో అండమాన్‌లో నాలుగు విదేశీ నౌకాదళాలతో మొదలైన 'మిలన్' విన్యాసాలు 2022లో విశాఖకు మారినవి. ఆ సంవత్సరము ఫిబ్రవరి 27న, తిరిగి 2024 ఫిబ్రవరి 22న, విదేశీ నావికులు నగర కవాతులో నడచినారు. 2026 ఫిబ్రవరి నాటి అంతర్జాతీయ సమీక్షకు, మిలన్‌కు కూడ నౌకాదళము విశాఖనే వేదికగా ఎంపిక చేసినది.

పులికాట్ తీరము

రాష్ట్ర తీరరేఖకు దక్షిణపు కొస పులికాట్ సరస్సు. ఒడిశాలోని చిలక తరువాత దేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. దీనికీ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట ఉన్నది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరిన సూళ్లూరుపేట ప్రాంతంలో విదేశీ దళమేదీ కవాతు చేయలేదు. కాని ఆ నౌకలు పరస్పరము మాట్లాడుకొనుటకు కావలసిన సాధనము ఇక్కడి నుంచే వెళ్లినది. నౌకాదళ సమాచార అవసరాలకు ఉద్దేశించిన సి.ఎం.ఎస్.-03 ఉపగ్రహమును 2025 నవంబరు 2న ఎల్.వి.ఎం.-3 రాకెట్ శ్రీహరికోట నుంచి కక్ష్యలోకి చేర్చినది. దాని బరువు సుమారు 4,400 కిలోలు.

విశాఖ మత్స్యకారులకూ, పులికాట్ మత్స్యకారులకూ ఉమ్మడిగా తెలిసిన విషయము మరొకటి కలదు. రాకెట్ ప్రయోగ సమయాలలో శ్రీహరికోట ఎదుటి సముద్రంలో నిర్ణీత హద్దుల లోపలికి పడవలు పోరాదని ముందుగా హెచ్చరికలు వెలువడును. తీరరక్షక దళము, మెరైన్ పోలీసులు గస్తీ తిరుగుదురు. నౌకాదళ సమీక్ష జరుగు జలాలలోను ఇట్టి హద్దులే ఏర్పరచెదరు. సముద్రం మూసిన దినము మత్స్యకారునికి వేట లేదు, రాబడి లేదు. ప్రయోగము వాయిదా పడినచో ఆ నష్టము రెండవమారు కూడ కలుగును. ఈ విషయము వేడుకల వార్తలలో అరుదుగా కనిపించును.

2008 నవంబరు నాటి ముంబయి దాడి అనంతరము తీరరక్షణలో మత్స్యకారులు భాగస్వాములైనారు. 2019 జనవరి 22, 23 తేదీలలో తొలిసారి జరిగిన 'సీ విజిల్' విన్యాసంలో తీరప్రాంత రాష్ట్రములన్నింటితో పాటు మత్స్యకార సంఘములను కూడ కలుపుకొన్నారు. అట్టి వారికి మూసివేత తేదీలు, హద్దులు తెలుగులో, అక్షాంశ రేఖాంశములకు బదులుగా వారు గుర్తుపట్టు రేవుల, దీపస్తంభముల పేర్లతో, కనీసము వారం ముందుగా అందవలెను. ఆ ప్రకటనను మండల కార్యాలయపు పలకపై అతికించుట చాలదు. వేటకు బయలుదేరు రేవులోనే దండోరా వేయించుట ఉచితము.