పురాజీవ శాస్త్రం: చదువు, ఉద్యోగ మార్గాలు

శిలాజాల ఆధారంగా గతించిన జీవజాతులను అధ్యయనం చేసేది పురాజీవ శాస్త్రం. భారతదేశంలో ఈ పేరుతో డిగ్రీ కోర్సులు అరుదు. ఈ రంగంలో స్థిరపడినవారిలో ఎక్కువమంది భూగర్భ శాస్త్రం మీదుగా వచ్చినవారే. బీఎస్సీలో జియాలజీ, ఆపై ఎమ్మెస్సీ, తర్వాత పీహెచ్‌డీ, ఇదీ మామూలు దారి. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో జియాలజీ విభాగాలున్నాయి.

అలాగని జీవశాస్త్రాన్ని వదిలేయడం పెద్ద పొరపాటు. శిల ఏ కాలానిదో, ఆ మట్టి నది తెచ్చిందో సరస్సు అడుగున పేరుకుందో జియాలజీ చెబుతుంది. దొరికిన పన్ను ఏ జంతువుదో తేల్చాలంటే శరీర నిర్మాణం తెలియాలి. బైపీసీ చదివినవారికి ఇక్కడ కలిసొస్తుంది.

తెలుగు విద్యార్థికి ప్రాణహిత-గోదావరి లోయను మించిన పాఠశాల లేదు. 1957లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ ఆహ్వానంపై లండన్ నుంచి వచ్చిన పురాజీవ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో భూగర్భ పరిశోధనలకు పునాది వేశారు. ఆ సంస్థ బృందం ఈ లోయలో తవ్వి తీసిన డైనోసార్‌కు 1975లో బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టింది. తెలంగాణలోని యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలను పరిశీలించి, 1988లో పి. యాదగిరి కోటాసారస్ యామనపల్లియెన్సిస్‌ను లోకానికి పరిచయం చేశారు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో చూడవచ్చు.

డైనోసార్ల మీద మోజుతో వచ్చేవారు సూక్ష్మ శిలాజాల పని కూడా నేర్చుకోవాలి. వికారాబాద్ సమీపంలోని నస్కల్‌లో దక్కన్ లావా పొరల నడుమ ఉన్న అవక్షేపాల్లో దొరికిన అతి చిన్న దంతాలే, క్రెటేషియస్ కాలంలో భారతదేశంలో క్షీరదాలు ఉండేవని తొలిసారి రుజువు చేశాయి. జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో ఆ సంగతి ప్రకటించారు. ఇలాంటి శిలాజాల కోసం బాగా ఎండబెట్టిన మట్టిని కిరోసిన్‌లో నానబెట్టి, తర్వాత నీళ్లు పోస్తారు. విచ్చిపోయిన మట్టిని సన్నని జల్లెడలో కడిగి, మిగిలిన రేణువులను సూక్ష్మదర్శిని కింద తడి కుంచెతో ఒక్కొక్కటిగా ఏరుతారు. బస్తాల కొద్దీ మట్టి కడిగినా ఒక్క పన్నూ దొరకకపోవచ్చు. ఈ ఓపిక ఉందో లేదో ఎమ్మెస్సీ ప్రాజెక్టులోనే తేల్చుకోవడం మంచిది.

పరిశోధన ఫెలోషిప్‌కు సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో ఎర్త్ సైన్సెస్ పేపరు, గేట్‌లో జియాలజీ పేపరు రాస్తారు. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థలో ప్రాచీన వృక్షజాలం, పుప్పొడి శిలాజాల అధ్యయనం బలంగా సాగుతుంది. డెహ్రాడూన్‌లోని వాడియా సంస్థ హిమాలయ శిలాజాలపై పనిచేస్తుంది. 1851లో ఏర్పడిన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో జియాలజిస్టు కొలువుకు యూపీఎస్సీ కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష ఉంది. దానికి జియాలజీ సంబంధిత పీజీ ఉండాలి, జువాలజీ ఎమ్మెస్సీ ఒక్కటే సరిపోదు. చమురు అన్వేషణలో బావి నుంచి తీసిన రాతి ముక్కల్లోని ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల శిలాజాలను బట్టి పొర వయసు నిర్ణయిస్తారు కాబట్టి, ఓఎన్‌జీసీ వంటి సంస్థలకూ ఈ నైపుణ్యం అవసరమే.