తేటనీరు, మంచినీరు: తెలుగునేలపై ఇంటి వడపోత చరిత్ర

తెలుగులో తాగే నీటిని మంచినీళ్లు అంటారు. ఆ మాటకు ఎదురుగా నిలిచే మాట చెడునీళ్లు కాదు, ఉప్పునీళ్లు. ఊరి మంచినీళ్ల బావి, మంచినీళ్ల చెరువు అన్న పేర్లన్నీ నాలుక ఇచ్చిన తీర్పు మీద పుట్టినవే. నాలుక పట్టుకోలేని బురదను కన్ను పట్టుకునేది, కంటికి తేటగా, నోటికి తియ్యగా ఉన్న నీరు మంచినీరయ్యేది. తెలుగునేలపై ఇంటింటా సాగిన వడపోత చరిత్ర అంతా ఈ రెండు సాక్ష్యాలు ఎక్కడిదాకా పనికివచ్చాయో, ఎక్కడ మోసపోయాయో చెప్పే చరిత్ర. నేడు ఏ ఇంటికి ఏ నీటిశుద్ధి యంత్రం కావాలన్న ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

బురదను దించే విద్య చాలా పాతది. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో కలకబారిన నీటిని తేర్చే సాధనాలు ఏడింటిని చెప్పి, వాటిలో కతకాన్ని మొదట పేర్కొన్నారు. ఆ కతకమే తెలుగువారి చిల్లగింజ. ఇండుపగింజ అని కూడా అంటారు. విషానికి పేరుపడిన ముష్టిచెట్టుకు దగ్గరి చుట్టమైనా ఈ చెట్టు గింజలో ఆ విషం లేదు. బొత్తాంలా గుండ్రంగా, కాస్త చదునుగా ఉండే గింజను కొత్త నీరు పోయబోయే కుండ లోపలి గోడకు కాసేపు అరగదీసి, ఆపైన నీరు నింపి కదపకుండా ఉంచితే, కొన్ని గంటలలో మన్ను అడుగున ముద్దగా చేరి పైన తేట మిగులుతుంది. నీటిలోని మట్టి రేణువులు ఒకే రకం విద్యుదావేశంతో ఒకదానినొకటి నెట్టుకుంటూ తేలియాడుతుండగా, గింజనుంచి దిగిన జిగురు పదార్థం వాటిని కూడగట్టి బరువెక్కించడమే ఇందులోని కిటుకు. పటిక చేసే పని కూడా దాదాపు ఇదే. నీటిలో కరిగిన పటిక దూదిపింజల్లాంటి తునకలుగా మారి, దిగుతూ దిగుతూ మట్టిని తనతో పాటు అడుగుకు తీసుకుపోతుంది.

గోదావరి డెల్టాలో ఈ విద్యకు ప్రతి ఏడూ పని పడేది. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయ్యాక కాలువనీరు పొలాలకే గాక ఊళ్లలోని మంచినీళ్ల చెరువులకూ చేరింది. ఆ నీరే ఏడాది పొడవునా బిందెలకెక్కేది. వరదల రోజుల్లో కాలువల్లో ఎర్రనీరు పారినప్పుడు పటికముక్కను చేత్తో పట్టుకుని బిందెలో నాలుగు చుట్లు తిప్పడం ఇంటి ఆడవారి నిత్యకృత్యమైంది. మెట్టప్రాంతాల దారి వేరు. వాగు ఎండినచోట ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీటిని ముంతతో బిందెకెత్తుకునేవారు. చెలమలోకి చేరేలోగా ఇసుక ఆ నీటిని వడగట్టి ఉండేది. హైదరాబాదుకు మూసీ, ఈసా నదులపై కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయిన తరువాత నగరపు నీటిని ఆసిఫ్‌నగర్ వడపోత తొట్లు శుద్ధి చేశాయి. నీటిని ఇసుకపొరల గుండా పోనిచ్చే ఆ పెద్ద ఏర్పాటు మూలసూత్రం చెలమ తవ్విన చేతులకు కొత్తది కాదు.

బట్టతో వడగట్టడం మాత్రం చాలాకాలం మడికీ శుభ్రతకూ గుర్తుగానే ఉండి, ఒక ఘోరమైన జబ్బుకు మందుగా ఆలస్యంగా గుర్తింపు పొందింది. ఆ జబ్బు నారికురుపు. మెట్లు దిగి నీళ్లలోకి పోయే దిగుడుబావులున్న ఊళ్లలో, కాలిమీద పుండున్న మనిషి నీటిలో అడుగుపెట్టగానే పుండులోని పురుగు వేలకొద్దీ పిల్లలను వదిలేది. వాటిని సైక్లాప్స్ అనే నలుసంత నీటిపురుగు మింగేది. ఆ నలుసును నీటితో పాటు తాగిన మనిషి ఒంట్లో ఏడాదికి మూరెడు, అంతకు మించిన పొడవున నారిపురుగు పెరిగి చర్మాన్ని చీల్చుకుని బయటపడేది. దాన్ని తెగకుండా పుల్లకు చుట్టి రోజుకు కొంచెంగా లాగడమే అప్పటి వైద్యం. క్రిమి పిల్లలు కంటికి కనబడనివైనా వాటిని మోసే సైక్లాప్స్ మిల్లీమీటరుకు అటూఇటూ ఉంటుంది గనుక, కడవ మూతికి మడతపెట్టి కట్టిన నేతగుడ్డ దాన్ని ఆపగలదు. 1980లలో మొదలైన జాతీయ నిర్మూలన కార్యక్రమం బట్ట వడపోతను, దిగుడుబావుల మార్పును, చేతిపంపులను జతచేసి నడిచింది. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదైంది. 2000లో భారతదేశం ఈ వ్యాధి నుంచి విముక్తమైనట్టు ప్రకటించారు. మందూ టీకా లేని రోగాన్ని ఒక గుడ్డపేలిక ఓడించడంలో అంత పెద్ద పాలు పంచుకోవడం వైద్యచరిత్రలో సామాన్య విషయం కాదు.

అయితే గుడ్డ ఆపలేనిది చాలా ఉంది. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలోని ఒక చెరువు నీటిలో కలరా క్రిములను చూపించాక, తేటనీరు మంచినీరు కాకపోవచ్చన్న సంగతి స్థిరపడింది. యూరప్‌లో ఆ దశాబ్దాలలోనే రూపొందిన మట్టి క్యాండిల్ వడపోతలు క్రమంగా ఇక్కడి పట్టణపు ఇళ్లకు చేరాయి. కింద కుళాయి ఉన్న పాత్ర, దానిపై మరో పాత్ర, పైదానిలో తెల్లని క్యాండిళ్లు: మధ్యతరగతి వంటింటి గట్టుమీద ఈ స్టీలు ఫిల్టరు దశాబ్దాలపాటు కదలక కూర్చుంది. క్యాండిల్ సన్నని రంధ్రాలు మట్టిని, చాలావరకు బాక్టీరియాను ఆపుతాయి. వాటికంటే ఎంతో చిన్నవైన వైరస్‌లను ఆపలేవు. పైన పట్టిన జిగటను పీచుతో తోమి కడగకపోతే ఆ క్యాండిలే క్రిములకు నెలవవుతుంది. అందుకే వైద్యులు కాచి చల్లార్చి వడగట్టిన నీళ్లు తాగమని మూడు పనులనూ కలిపి చెప్పేవారు.

కాచినా, వడగట్టినా, పటిక తిప్పినా పోని దోషం మరొకటి అప్పటికే తెలుగునేలలో పనిచేస్తూ ఉంది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో, తరువాత ప్రకాశం జిల్లాలో కలిసిన మెట్ట తాలూకాలలో, పళ్లు గారపట్టి, మెడా నడుమూ కొయ్యబారి, నడివయసుకే మంచాన పడుతున్నవారిని పరిశీలించి, షార్ట్, మరికొందరు వైద్యులు 1937లో భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారిగా గుర్తించి ప్రకటించారు. ఫ్లోరైడ్ రాతిలోని ఖనిజాలనుంచి భూగర్భజలంలోకి కరిగి దిగే లవణం. కొద్దిమోతాదులో హాని లేదు, మోతాదు మించి ఏళ్ల తరబడి చేరితే ఎముకలో పాతుకుంటుంది. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌పై సిద్దిఖీ పరిశోధన 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. అదే జిల్లాలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకునే వికృతిని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో వివరించారు. ఫ్లోరైడ్ నీటికి రంగులేదు, వాసన లేదు, రుచిలో తేడా తెలియదు. కన్నూ నాలుకా రెండూ దాన్ని మంచినీరనే చెప్పాయి. కాచితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ మిగులుతుంది కనుక, క్రిములకు విరుగుడైన కాచడమే ఇక్కడ దోషాన్ని కాస్త పెంచుతుంది కూడా.

ఇక్కడొక బాధాకరమైన సంగతిని దాచకుండా చెప్పుకోవాలి. దిగుడుబావుల నారికురుపునుంచి, చెరువుల కలరానుంచి, విరేచనాలనుంచి జనాన్ని కాపాడడానికి ప్రభుత్వాలు 1970ల తరువాత బోర్లు వేసి చేతిపంపులు బిగించాయి. క్రిముల విషయంలో అది సరైన నిర్ణయమే, ఎందరో పిల్లల ప్రాణాలు నిలిపిన నిర్ణయం. కానీ గ్రానైటు రాతి నేలల్లో లోతునుంచి తోడిన నీరు ఆ రాతితో ఎక్కువకాలం కలిసి ఉండడంవల్ల ఫ్లోరైడ్‌ను ఎక్కువగా మోసుకొచ్చింది. ఒక దోషాన్ని చూసి తవ్విన బోరు మరో దోషాన్ని ఊరికి తెచ్చింది, అదీ ముందుగా నీటిని పరీక్షించని చోట్ల.

ఈ ఫ్లోరైడ్ దోషానికి తెలుగునేల పేరుతోనే ఒక విరుగుడు పుట్టింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970ల నడుమ రూపొందించిన పద్ధతిని నల్లగొండ పద్ధతి అంటారు. అడుగుకు కాస్త పైన కుళాయి బిగించిన 40 లీటర్ల బకెట్టులో నీళ్లు నింపి, ఫ్లోరైడ్ మోతాదును, నీటి క్షారగుణాన్ని బట్టి లెక్కగట్టిన పటిక, దానిలో ఇరవయ్యో వంతు సున్నం, చిటికెడు బ్లీచింగ్ పౌడరు వేసి, పది నిమిషాలు కలిపి, గంటసేపు తేరనివ్వాలి. పటికనుంచి పుట్టిన తునకలకు ఫ్లోరైడ్ అంటుకుని అడుగుకు దిగుతుంది. పైనీటిని కుళాయి విప్పి గుడ్డతో వడగట్టుకోవాలి. బిందెలో తిప్పిన పటికే ఇక్కడ మోతాదు పెరిగి మరో పని నేర్చుకుంది. కరెంటు అక్కరలేదు, సరుకంతా ఊరి దుకాణంలో దొరికేదే. అయినా ఇది ఇళ్లలో నిలదొక్కుకోలేదు. మోతాదు ఊరూరికీ, బావిబావికీ మారుతుంది. పటిక ఎక్కువైతే నీటిలో అల్యూమినియం, సల్ఫేటు మిగులుతాయి. అడుగు మడ్డిని పారబోసే చోటు చూసుకోవాలి. పొలం పని, వంట పని చేసుకునే మనిషి రోజూ ఆ బకెట్టు కలపాలి. ఇంటి ఇల్లాలి శ్రమను లెక్కలో వేసుకోని ఏ సాధనమూ వంటింట్లో నిలవదని నల్లగొండ బకెట్టు నేర్పింది. తరువాత వచ్చిన యాక్టివేటెడ్ అల్యూమినా, అంటే ఫ్లోరైడ్‌ను తనపై పట్టి ఉంచే గుళికల వడపోత, వాడకంలో తేలికే అయినా గుళికలు నిండినప్పుడల్లా క్షారంతో, ఆమ్లంతో కడిగి తిరిగి పనికి తేవలసి ఉంటుంది.

పట్టణాలలో 1980లనుంచి అతినీలలోహిత దీపపు యంత్రాలు అమ్మకానికి వచ్చాయి. ఆ వెలుగు క్రిములను చంపుతుంది, వైరస్‌లతో సహా. కలకనీటిలో మాత్రం వెలుగు చొరదు, కరిగిన లవణాన్ని అది ముట్టనే ముట్టదు. లవణాన్ని ముట్టేది రివర్స్ ఆస్మాసిస్, వాడుకలో ఆర్వో. 1960 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లోబ్, భారతదేశంలో పుట్టిన సౌరిరాజన్ కలిసి తయారుచేసిన పొర దీనికి ఆధారం. నీటిని ఒత్తిడితో ఆ పొర గుండా తోస్తే నీరు దాటుతుంది, ఉప్పులు చాలావరకు ఇవతలే ఆగి, కొంత నీటితో కలిసి వృథాగా బయటికి పోతాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014 అక్టోబరు 2న ఎన్టీఆర్ సుజల స్రవంతి పేరిట 20 లీటర్ల శుద్ధిచేసిన నీటిని 2 రూపాయలకు ఇచ్చే పథకం తెచ్చేనాటికే ఆర్వో ప్లాంటు నీళ్ల క్యాను పల్లెవాకిట్లో మామూలు దృశ్యం. తెలంగాణలో 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం మరో దారి పట్టింది. అది బోరునీటిని శుద్ధిచేసే బదులు నదినీటినే ఊళ్లకు చేర్చింది. ఫ్లోరైడ్ విషయంలో ఇంతకంటే నిలకడైన పరిష్కారం లేదు.

ఈ చరిత్ర తెలిసినవారికి నేటి ఎంపిక కష్టం కాదు. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కరిగిన ఘనపదార్థాలు, అంటే టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి; వేరే నీరు దొరకనిచోట ఫ్లోరైడ్ 1.5 దాకా ఒప్పుకుంటారు. గోదావరి నీటిలో టీడీఎస్ 500కు చాలా తక్కువ. అలాంటి నీరు కుళాయికి వచ్చే ఇంట్లో ఆర్వో బిగించడం ఉన్న సున్నపు, మెగ్నీషియపు లవణాలను తీసివేసి, బిందెల కొద్దీ నీటిని తూములో పోయడమే. ఆ ఇంటికి మంచి క్యాండిల్, అతినీలలోహిత దీపం చాలు. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్వోను నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలో ఆదేశించింది కూడా. ఫ్లోరైడ్ నేలలైన కనిగిరి, మర్రిగూడ వైపు బోరునీరే దిక్కయిన ఇంటికి, ఉప్పుబారిన తీరగ్రామపు ఇంటికి ఆర్వో అవసరం. అమ్మకందారు గ్లాసులో ముంచి చూపించే టీడీఎస్ పరికరం మొత్తం లవణాన్ని లెక్కించగలదే తప్ప అందులో ఫ్లోరైడ్ ఎంతో, నైట్రేటు ఎంతో, క్రిములున్నాయో లేవో చెప్పలేదు.

యంత్రం కొనకముందే కుళాయి నీటినో బోరునీటినో శుభ్రమైన సీసాలో పట్టి, జిల్లాలోని గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలలో ఫ్లోరైడ్, నైట్రేటు, కఠినత్వం, బాక్టీరియా విడివిడిగా పరీక్ష చేయించుకోవాలి. బాక్టీరియా పరీక్షకు క్రిమిరహితం చేసిన సీసా కావాలి, పట్టిన నీరు ఆ రోజే ప్రయోగశాలకు చేరాలి.