భద్రాచల సీమలో ఆరోగ్యపు కార్డు

సారపాక దాటి గోదావరి వంతెన నెక్కిన యాత్రికుడు ఎదుట గుడి గోపురమును వెదకుకొనునే గాని, తాను ఒకప్పటి రెండు ప్రభుత్వముల సరిహద్దును దాటుచున్నానని తలపోయడు. 1860లో నిజాము ప్రభువు గోదావరి ఎడమ ఒడ్డున నున్న ఈ తాలూకాలను ఆంగ్లేయుల కప్పగించెను. కొన్నియేండ్లు మధ్యపరగణాలలో ఉండి, 1874లో అవి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారినవి. నదికి ఈవలి ఒడ్డున ఉన్న బూర్గంపాడు, కుక్కునూరు, వేలేరుపాడు మాత్రము నిజాము రాజ్యముననే నిలిచినవి. 1953లో వరంగల్లు నుండి విడివడి ఖమ్మము ప్రత్యేక జిల్లా అయినది. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరిని విడిచి దానిలో కలిసినవి. 1965లో వంతెన తెరువబడుటతో పడవ ప్రయాణమునకు కాలము చెల్లినది. ఇక ఈ సీమలో గీత యన్నది లేదని అందరును భావించిరి. ఆ గీత ఏబదియైదేండ్లకు మరల వచ్చి, ఈసారి రోగి మంచమునకును ఆసుపత్రి గుమ్మమునకును నడుమ ఎట్లు పడినదో చెప్పుటయే మా యుద్దేశము.

ఆరోగ్య బీమా యనగా పలువురి సొమ్ము ఒకచోట చేర్చి, జబ్బుపడిన కొందరికై వ్యయము చేయుట. 1883లో జర్మనీ దేశమున బిస్మార్కు మంత్రిత్వమున కార్మికులకై దీనిని చట్టముగా చేసిరి. మన దేశమున 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టము వచ్చినది. అది 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరములలో అమలులోనికి వచ్చి, 1955లో హైదరాబాదునకు చేరినది. కాని అది కర్మాగారపు కూలివానికై పుట్టిన చట్టము. గనులు దాని పరిధిలోనివి కావు; బొగ్గుగని కార్మికులకు ఇల్లెందు, కొత్తగూడెము ప్రాంతములలో సింగరేణి కంపెనీ ఆసుపత్రులే ఆధారము. ఆ గనులకు కూతవేటు దూరమున పోడు కొట్టుకొని జొన్న చల్లుకొను కోయ రైతునకును, ఎండకాలమున తునికాకు కోసి కట్టలు కట్టి కల్లమునకు మోయు స్త్రీకిని యజమాని యెవడు? జీతపు చిట్టా యెక్కడ? చందా కోయుటకు జీతమే లేనివారిని బీమాలో చేర్చు ఉపాయము ఆ చట్టమునకు తెలియదు.

అందుచేత అడవిపల్లెలో జబ్బునకు బీమా యనదగినది ఒక్కటే: కాడి ఎద్దులు. చలిజ్వరము ముదిరినను, కాన్పు అడ్డము తిరిగినను మొదట ఎద్దును అమ్ముదురు, తరువాత షావుకారు వద్దకు పోవుదురు. ఆ అప్పు తీరులోపల మరియొక జ్వరము వచ్చును. గుండెకు రంధ్రమున్న బిడ్డ పుట్టినచో అమ్ముటకు ఎద్దులు చాలవు. అట్టివారు ఎవరినైన చదువుకున్న వారిని ఆశ్రయించి, ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ వ్రాయించుకొనెడివారు. అర్జీ పోవుట, పరిశీలన జరుగుట, సొమ్ము వచ్చుట – ఇంతకాలము రోగము ఆగవలెను గదా!

ఆ అర్జీల రాశియే ఒక పథకమునకు బీజమైనది. 2007 ఏప్రిల్ 1న, వై. ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా నుండగా, మహబూబునగరము, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైనది. 2008లో అది రాష్ట్రమంతటికిని వ్యాపించినది. తెల్ల రేషను కార్డు గల కుటుంబమునకు ఏటికి 2 లక్షల రూపాయల వరకు వైద్యము. రోగి ఒక్క పైసయు చెల్లింప నక్కరలేదు. బీమా రుసుము ప్రభుత్వమే భరించును. ఆసుపత్రులలో ఆరోగ్యమిత్ర యను ఉద్యోగిని నియమించిరి. అతడు కార్డు చూచి, పేరు సరిచూచి, పై అనుమతికి వ్రాసి, రోగిని వైద్యుని వద్దకు చేర్చును. ఒకనాడు దయగా అడిగి తెచ్చుకొన్నది ఇప్పుడు హక్కుగా చూపించి పొందదగిన దైనది. ఈ భేదము మాటలలో చిన్నదే గాని, చేయి చాపుటకును కార్డు చాపుటకును ఎంత అంతరమున్నదో చాపినవారికే తెలియును.

లోపములు లేకపోలేదు. పథకము పెద్ద రోగములకు, శస్త్రచికిత్సలకు ప్రాధాన్యమిచ్చినది. అడవి మనిషిని క్రుంగదీయునవి ముఖ్యముగా మలేరియా, రక్తహీనత. వాటికి దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే శరణ్యము. పెద్ద చికిత్సకు ఖమ్మమో వరంగల్లో హైదరాబాదో పోవలెను. తోడు పోయినవారికి కూలి పోవును. ఆ లెక్క ఏ కార్డులోను లేదు. అయినను కార్డు పనిచేసినది. పనిచేయుటకు కారణమేమనగా, ఇల్లు, రేషను దుకాణము, ఆసుపత్రి, కలెక్టరు కచేరి అన్నియు ఒకే రాష్ట్రమున ఉండుట.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. పోలవరము ఆనకట్టవలన మునుగు ప్రాంతము ఆంధ్రప్రదేశమున నుండవలెనని, అంతకు నాలుగు దినములకు ముందే, మే 29న, కేంద్రప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేసినది. జూలై మాసమున పార్లమెంటు దానిని చట్టముగా ఆమోదించినది. కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరము, వరరామచంద్రాపురము మండలములు పూర్తిగను, బూర్గంపాడు మండలములో కొన్ని గ్రామములును, భద్రాచలము మండలములో భద్రాచలము తప్ప మిగిలిన గ్రామములును ఆంధ్రప్రదేశమునకు పోయినవి. పట్టణము, గుడి, ప్రభుత్వ ఆసుపత్రి ఇటు ఉండిపోయినవి. పట్టణమును ఆనుకొని యున్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నము, కన్నాయిగూడెము, పిచ్చుకలపాడు అటు అయినవి. చిత్రమేమనగా, తెలంగాణలోనే యున్న దుమ్ముగూడెము, చర్ల మండలములకు భద్రాచలము నుండి పోవు బాట ఈ గ్రామముల మీదుగనే సాగును. చర్ల నుండి కాన్పు నొప్పులతో వచ్చు స్త్రీ భద్రాచలము ఆసుపత్రికి చేరులోపల రెండుసార్లు రాష్ట్రపు గీత దాటును. ఆమె కడుపులోని బిడ్డకు ఆ సంగతి తెలియదు. రిజిస్టరు వ్రాయు గుమాస్తాకు మాత్రము తెలియవలెను.

పథకము ఒక్కటే రెండుగా చీలినది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పేరు నిలిచి, 2023 డిసెంబరు 9న దాని పరిమితి 10 లక్షలకు పెంచబడినది. ఆంధ్రప్రదేశమున అది ఎన్టీఆర్ వైద్యసేవగా మారి, 2019 తరువాత వై. ఎస్. ఆర్. ఆరోగ్యశ్రీ అయి, 2023 డిసెంబరులో 25 లక్షల పరిమితిని పొంది, 2024లో మరల ఎన్టీఆర్ పేరుతో పిలువబడినది. పేర్ల మార్పుతో మాకు పేచీ లేదు. కాని పేరు మారినప్పుడెల్ల పాత కార్డు చెల్లునా చెల్లదా యను భయము పల్లెను పట్టుకొనును. ఇక ఏ ఆసుపత్రి ఏ రాష్ట్రపు జాబితాలో నున్నదో రోగము రాకముందు విచారించువాడెవడు? 2019 నవంబరులో ఆంధ్రప్రభుత్వము హైదరాబాదు, చెన్నపట్నము, బెంగుళూరులలోని కొన్ని ఆసుపత్రులకు తన పథకమును విస్తరించినది. మంచిదే. ఎటపాకవానికి మాత్రము కాలినడకన పోదగినది భద్రాచలము. చింతూరువాడు తన రాష్ట్రములోని పెద్ద నగరమునకే పోదలచినచో, మారేడుమిల్లి ఘాటు రోడ్డు మలుపులెక్కి రాజమహేంద్రవరమునకు దిగవలెను.

భద్రాచలము ఆసుపత్రి వసారాలో ఒక ఉదయము కూర్చుండిన చాలును, సరిహద్దు ఎంత పలుచనిదో తెలియును. కోయ, తెలుగు, ఒడియా, హిందీ అన్నియు మా చెవిని బడినవి. వచ్చిన జ్వరమునకు ఊరేదని అడిగి మందియ్యకపోవుట ఆ ఆసుపత్రికి అలవాటు కాదు. చిక్కు వచ్చునది పెద్ద చికిత్సకై అక్కడనుండి వేరొక నగరమునకు పంపునపుడు. అప్పుడే కార్డు బయటకు తీయవలెను.

కార్డులో పేరుండుట యను చిన్న విషయమును కొంచెము విప్పి చెప్పవలసి యున్నది. భద్రాచలము పట్టణపు పిల్లను ఎటపాక కిచ్చి పెండ్లిచేసిరనుకొందము. పూర్వము ఒకే మండలములోని మాట. ఇప్పుడు ఆమె పేరు పుట్టింటి కార్డునుండి ఒక రాష్ట్రమున తొలగి, అత్తవారి కార్డులో మరియొక రాష్ట్రమున ఎక్కవలెను. ఒకచోట తొలగినట్లు చూపనిదే ఇంకొకచోట ఎక్కించుట కష్టము. తొలగించుట ఒక దినపు పని. ఎక్కించుటకు ఎన్ని దినములగునో చెప్పలేము. ఈ నడుమ ఆమె ఎవరి మనిషి? పెండ్లి జరిగిన యేడాదిలోపల కాన్పు వచ్చు దేశము మనది. అందుచేత పెండ్లి అయిన వెంటనే, గర్భము నిలుచుటకు ముందే, ఈ పని ముగించుకొనవలెనని ఆ ప్రాంతపు పెద్దలు కోడండ్రకు చెప్పుట మేలు. బిడ్డ పుట్టినపిమ్మట జనన ధ్రువపత్రము తీసికొని కార్డులో చేర్చుట, ఆధారులోని పేరును కార్డులోని పేరును అక్షరము తప్పక సరిపోల్చుకొనుట, వలసకూలికి పోయినవారు వ్రేలిముద్ర వేయు గడువునకు ఊరికి వచ్చుట – ఇవియే కార్డును బ్రతికించుకొను పద్ధతులు. కార్డు సంపాదించుట ఒక ఎత్తు. దానిని నిలుపుకొనుట మరియొక ఎత్తు.

కెనడా దేశమున ఈ చిక్కునకు ఒక తెరువు కనుగొనిరి. అచ్చట ఆరోగ్య బీమా ఆయా రాష్ట్రములదే. సస్కాచువాను రాష్ట్రము 1947లో ఆసుపత్రి ఖర్చులకును, 1962 జూలై 1న వైద్యుల రుసుములకును ప్రజలందరికి బీమా కల్పించి దారితీసినది. అచ్చటను ప్రతివాడు తన రాష్ట్రమున పేరు నమోదు చేయించుకొని కార్డు పొందవలెను. ఒక రాష్ట్రము విడిచి మరియొకదానికి పోయినవాడు కొంతకాలము వేచియుండవలసి రావచ్చును. కాని ఆ గడువు మూడు మాసములకు మించరాదనియు, ఆ మూడు మాసములును పాత రాష్ట్రమే వాని వైద్యమును భరింపవలెననియు 1984నాటి చట్టము విధించినది. మనిషి రెండు గీతల నడుమ పడిపోకుండ ఏర్పాటన్నమాట. మన సీమలో మనిషి కదలలేదు, రాష్ట్రమే కదలినది; అట్టివానికై పాత రాష్ట్రము ఇన్ని నెలలు భరించునని వ్రాయుట మరింత న్యాయమై యుండెడిది.

2018 సెప్టెంబరు 23న కేంద్రప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ పథకమును ప్రారంభించినది. కుటుంబమునకు ఏటికి 5 లక్షలు. పథకములో చేరిన ఏ రాష్ట్రపు ఆసుపత్రిలోనైనను చెల్లును. తెలంగాణ 2021లో దీనిలో చేరినది. సరిహద్దు పల్లెకు ఇది నిజముగ పనికివచ్చు వెసులుబాటు. అయితే తన పేరు ఆ జాబితాలో నున్నదో లేదో ముందుగనే చూపించుకొనవలెను. అంబులెన్సులో చూచుకొను విషయము కాదది.

ఏ జాబితాలోను లేనివారు కూడ ఈ అడవిలో గలరు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం కలహములు చెలరేగినపుడు ఎన్నో కుటుంబములు ప్రాణభయముతో గీత దాటి ఖమ్మము అడవులలో గుడిసెలు వేసికొన్నవి. వారిని గుత్తికోయలని పిలుతురు. భాషయు ఆచారములును ఇచ్చటి కోయలకు దగ్గరివే గాని, ధ్రువపత్రములు, రేషను కార్డులు పొందుట వారిలో చాలమందికి దుర్లభమైనది. ఊరి పేరే ప్రభుత్వపు లెక్కలో లేనిచోట ఇంటి చిరునామా యేమని వ్రాయుదురు? చిరునామా లేక కార్డు లేదు, కార్డు లేక పెద్దవైద్యము లేదు. దోమ మాత్రము చిరునామా అడుగదు.

2022 జూలై 16న భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగులకు పెరిగినది. పల్లెలు మునిగి, జనము మెట్టలకు చేరిరి. వరద తీసిన పిమ్మట గోడలకు ఆనించి ఎండబెట్టిన వస్తువులలో కాగితములును ఉండెను. ఆ దినములలోనే, పట్టణమును ఆనుకొన్న ఐదు గ్రామములవారు తమను మరల భద్రాచలముతో కలుపవలెనని గట్టిగా అడిగిరి. కాగితముల నకళ్లు తీసి ఒకటి చుట్టములయింట ఉంచుట, సెల్‌ఫోనులో బొమ్మ తీసి పెట్టుకొనుట ఏటియొడ్డు వారికి మేము చెప్పవలసిన పనిలేదు, నీరే నేర్పినది.

అదే సంవత్సరము ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశమున జిల్లాలను విభజించి, ఎటపాక, చింతూరు, కూనవరము, వరరామచంద్రాపురములను అల్లూరి సీతారామరాజు జిల్లాలోను, కుక్కునూరు, వేలేరుపాడులను ఏలూరు జిల్లాలోను చేర్చిరి. 1959కి పూర్వము ఎటపాకలో పుట్టిన ముసలివాడొకడు అప్పుడు కార్డులో చిరునామా సరిచేయించుకొనుటకు పోయెననుకొనుడు. అతడు తూర్పు గోదావరి జిల్లాలో పుట్టి, ఖమ్మము జిల్లాలో పెండ్లాడి బిడ్డలను కని, మరల తూర్పు గోదావరి జిల్లావాడై, ఆపైన అల్లూరి జిల్లాలో చేరినవాడు. "తాతా, ఇల్లెన్నిసార్లు మార్చినారు?" అని గుమాస్తా అడిగినచో, ఒక్కసారియు లేదని చెప్పవలసి యుండును.