రంగు చూసి మోటరు

అనంతపురం జిల్లాలో ఒక చీనీ తోట. రెండెకరాలు, ఒకటే బోరు. ఇంకా పొద్దు పొడవలేదు. మీరు గట్టు మీద నిలబడ్డారు. కరెంటు వచ్చిన సంగతి చెవికే ముందు తెలుస్తుంది. పక్క చేలో ఆటో స్టార్టర్ టక్కుమని పడుతుంది, మోటరు అందుకుంటుంది. దగ్గర మనిషన్నవాడు లేడు. మూడు ఫేజులు ఎప్పుడొస్తే అప్పుడు తిరగడం, పోయేదాకా తిరగడం, అంతే దాని పని.

ఈ తోట పెద్దాయన మాత్రం ఒక చెట్టు పాదులో గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో రెండు కడ్డీలున్న చిన్న పెట్టె. కోయంబత్తూరులోని చెరకు ప్రజనన సంస్థ రూపొందించిన తేమ సూచిక అది. డ్రిప్పరుకు జానెడు అవతల కడ్డీలు గుచ్చి, చుట్టూ మట్టి బొటనవేలితో అదుముతున్నాడు. సందుంటే తప్పు రంగు చూపిస్తుంది. నీలం వెలిగితే తేమ నిండుగా ఉన్నట్టు, ఆకుపచ్చయితే సరిపోయేంత, నారింజయితే నీళ్లు పెట్టుకోవచ్చు, ఎరుపొస్తే ఆగకూడదు. బటన్ నొక్కాడు. ఆకుపచ్చ.

"పచ్చే ఉందమ్మా. ఈపొద్దు ఇడిసేది లేదు."

గట్టెక్కి వచ్చిన పక్క చేని ఆమెకు ఆ మాట నచ్చలేదు. "ఉన్నప్పుడే పారించుకోవాల అన్నా. రేపు కరెంటు రాకుంటే ఎవురిస్తారు?"

ఆమె భయం ఉత్తది కాదు. పైగా వ్యవసాయానికి కరెంటు ఉచితం కాబట్టి మోటరు ఆపినందువల్ల రూపాయి మిగలదు. మిగిలేది బోరులో నీళ్లే. చెట్టుకు నాలుగు డ్రిప్పర్లు, ఒక్కోటి గంటకు 8 లీటర్లు. ఎకరాకు 110 చెట్లనుకుంటే, అక్కర్లేని ఒక్క గంట ఆపితే రెండెకరాల మీద 7,000 లీటర్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే గొప్ప అనుకునే జిల్లాలో ఇది చిన్న లెక్క కాదు.

డ్రిప్పు ఇక్కడివాళ్లకు కొత్తదేమీ కాదు. 2003లో సూక్ష్మ నీటిపారుదల పథకం మొదలైంది, ఐదెకరాల లోపు రైతుకు 90 శాతం రాయితీ వస్తోంది. కానీ పైపు నీళ్లను వేరు దాకా తీసుకెళ్తుందే గానీ, ఎప్పుడు చాలించాలో చెప్పదు. ఆ చెప్పే పని కోసం చేనంతా సెన్సర్లు పాతి, ఏటేటా చందా కట్టించుకునే యాప్‌లు బోలెడు. అవి రెండెకరాల మనిషిని చూసి చేసినవని నాకెప్పుడూ అనిపించలేదు. చేత్తో పట్టుకుని నాలుగు చేలు తిరిగి రాగల పెట్టె అయితే నలుగురూ కలిసి కొనుక్కోవచ్చు.

ఆమె అడగనే అడిగింది. పెట్టె ఆమె చేలోకి వెళ్లింది. మీరూ వెనకే నడిచారు, చెప్పులకు బురద అంటుకుంది. కడ్డీలు సులువుగా దిగాయి. నీలం.

ఆమె ఏమీ అనకుండా వెళ్లి మోటరు ఆపి, ఆటో స్విచ్చి కిందికి దించింది. వెంటనే ఇంకో చిక్కు. ఆటో లేకపోతే కావాల్సిన రోజున మోటరు వేయడానికి కరెంటు వేళకు ఊళ్లోంచి ఇంత దూరం నడిచి రావాలి.

పెద్దాయన జేబులోంచి ఫోను తీసి చూపించాడు. ఆయన స్టార్టర్ డబ్బాలో సిమ్ముంది. ఇంటి నుంచి ఫోను చేస్తే మూడు ఫేజులూ ఉన్నాయో లేదో చూసుకుని మోటరు వేస్తుంది, ఆ సంగతి తెలుగులో చెబుతుంది. బోరు వట్టిపోయి ఆంపియర్లు పడిపోతే తానే ఆపేస్తుంది. మోటరు కాలదు, వైండింగ్ ఖర్చు తప్పుతుంది.

"ఎంత పడిందన్నా?"

"డబ్బా కొనేది ఒకసారే. సిమ్ముకే, రీచార్జి అయిపోయినప్పుడల్లా వెయ్యాల."

"నేను మాట్లాడే ఫోనుకే వెయ్యలేకుండా ఉండాను. ఇంక మోటరుకు గూడా వెయ్యాలనా?"